ఆ రాయి వేసింది మేమే



నార్సింగి హాస్టల్ సంగతి రాయమని జూనియర్లు మూడు నెలల నుంచి అడుగుతున్నరు. సీట్లు, మెస్సు, బస్సుల గురించి ఇంతకుముందే ఒక అన్న రాసిండు కాబట్టి అవి మళ్లీ చెప్పం. మేము కుక్కల గురించి రాస్తం. నవ్వకండి. పోయిన సెమిస్టర్ మొత్తం మా రూమ్ బతుకు పక్కింటి కుక్కల చుట్టే తిరిగింది. ఒకరోజైతే మా ఆరుగురి పెట్టెలు సర్దుకునేదాకా వచ్చింది.

మాది రూమ్ నంబర్ 11, మూడో అంతస్తు. ఇద్దరం అమ్రాబాద్ వైపు పెంటల నుంచి వచ్చిన చెంచులం, ఇద్దరం దేవరకొండ వైపు తండాలోళ్లం, ఒకరం చర్ల దగ్గరి కోయగూడెం, ఒకరం ఉట్నూరు వైపు గోండుగూడెం. ఆరుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్ అద్దె బిల్డింగు. నార్సింగి తెలియనోళ్లకు చెప్పాలంటే, గండిపేట మండలం, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకొని ఉంటది. ఇటు కోకాపేట, అటు మంచిరేవుల. మేము వచ్చినప్పుడు మున్సిపాలిటీ, డిసెంబర్‌లో జీహెచ్ఎంసీలో కలిపేసిండ్రు. పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఈ ముచ్చట మాలో ఒకరు ఇంటికి ఫోన్ చేసి చెప్తే, నాయన కొంచెం సేపు ఆగి, "అందులో ఏం పండుతది బిడ్డా?" అని అడిగిండు.

ఆ పలికిన భూముల నడుమ, పాత ఊరి సందులో, మా బిల్డింగు. కిటికీ తీస్తే కింద పక్కింటి కాంపౌండు. ప్రహరీకి, మా గోడకు మధ్య ఒక బండి పట్టేంత సందు. పెద్ద డూప్లెక్స్ ఇల్లు, ముందు క్రోటన్ కుండీలు, మెట్ల కింద జర్మన్ షెపర్డ్, పోర్టికోలో లాబ్రడార్. షెపర్డ్ పేరు బ్రూనో, లాబ్రడార్ పేరు లూసీ. ఈ పేర్లు మాకు చాలా రోజులకు తెలిసినయి. అప్పటిదాకా మేము పెట్టుకున్న పేర్లు ఇక్కడ రాయలేం.

రాత్రి పదకొండు దాటిందంటే మొదలు. ముందు బ్రూనో. గొంతు పెద్దది, గుండెల్లో తగులుతది. దానికి లూసీ సన్నగా తోడు. ఆ రెండూ మొదలుపెడితే సందులోని వీధి కుక్కలు ఎనిమిదో తొమ్మిదో జవాబు ఇస్తయి. సర్వీస్ రోడ్డు అవతలి గుంపు ఊళ అందుకుంటది. గంట, గంటన్నర. ఆగినట్టే ఆగి, డెలివరీ బండి ఒకటి వస్తే మళ్లీ మొదలు. పొద్దున ఆరున్నరకు మెహిదీపట్నం బస్సు పట్టుకోవాలె. ఐదున్నరకు బాత్రూమ్ లైన్లో నిలబడాలె. లెక్క వేసుకోండి.

కుక్కలంటే మాకు పడక కాదు. మాలో చెంచులిద్దరం కుక్కల నడుమనే పెరిగినం. పెంటలో రాత్రి కుక్క మొరిగిందంటే అది కబురు. పందులు జొన్న మీద పడితే ఒక తీరు మొరుగుతది, మొరుగుతనే ముందుకు ఉరుకుతది. ఎలుగ్గొడ్డు వస్తే మొరుగుతది గానీ అడుగు వెనక్కి వేస్తది, గొంతులో గురగుర కలుస్తది. పాము అయితే ఒక్కచోటనే నిలబడి చిన్న చిన్నగా అంటది. కొత్త మనిషి అయితే ఆపకుండా. చిరుత వచ్చిందంటే అసలు మొరగదు. తోక ముడుచుకొని గుడిసెలోకి వచ్చి మంచం కింద దూరుతది. అప్పుడు నాయన లేచి పొయ్యిలో కట్టె ఎగదోస్తడు. మాకు నిద్రలోనే తెలిసేది ఏం వచ్చిందో. పంది అయితే లేచేటోళ్లం, కొత్త మనిషి అయితే అటు తిరిగి పడుకునేటోళ్లం. మిగిలిన నలుగురి ఊర్లలో కూడా అంతో ఇంతో ఇదే తీరు. కుక్కను ఉట్నూరోడు నై అంటడు, తండా వాళ్లు కుత్రా అంటరు, అంతే తేడా.

(మధ్యల ఒక మాట. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలు చచ్చిపోయినప్పుడు కొన్నిటికి కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ రోగం ఉన్నట్టు తేలింది. అప్పటి నుంచి పులుల అడవుల చుట్టూ ఉన్న ఊరి కుక్కలకు టీకాలు వేయాలన్న మాట గట్టిగా వినబడుతది. మంచిదే, వేయాలె. కానీ "మీకు కుక్కలు ఎందుకు" అని మా పెంటలో ఎవరన్నా అడిగితే మాత్రం మా అవ్వ వాళ్లను ఒక రాత్రి ఉండి చూడమంటది.)

నార్సింగిలో మాకు అసలు ఇబ్బంది ఇక్కడనే వచ్చింది. మిగతా నలుగురు చెవుల్లో దూది పెట్టుకొని, దుప్పటి కప్పుకొని ఎట్లనో పడుకునేటోళ్లు. పెంట నుంచి వచ్చిన మేమిద్దరం పడుకోలేకపోయినం. కుక్క మొరిగితే ఎందుకో తెలుసుకోవాలని చెవి దానంతట అదే లేస్తది. పందా, పామా, మనిషా? బ్రూనో గొంతులో ఏదీ దొరికేది కాదు. కోపం లేదు, భయం లేదు, తరమడం లేదు. ఎవరినో పిలిచినట్టు ఉండేది. అది మాకు సెప్టెంబర్ దాకా సమజ్ కాలేదు, సమజ్ అయినా ఏం చేయాలో తెలియలేదు.

చేసినవి చెప్తం. మంచాలు కిటికీ నుంచి తలుపు వైపు జరిపినం, తలుపు వైపు నల్లా చప్పుడు. కిటికీకి అట్టలు పెట్టినం, గాలి ఆడక ఒకరికి తలనొప్పి. ఫ్యాన్ ఐదు మీద పెట్టి ఆ రొదలో పడుకోవాలని చూసినం, దానికి కోయగూడెం అన్నకు జలుబు. పరీక్షల ముందు మెట్ల మీద కూర్చొని చదివినం. వారం రోజులు వంతులు వేసుకున్నం, ఎవరి వంతు వాళ్లు కింది అంతస్తు రూమ్‌లో తెలిసినోళ్ల మంచం మీద సగం మంచం అడుక్కోవాలె. ఆరుగురిలో ఆరుగురికీ కోపాలు పెరిగినయి. చెంబు కోసం, చార్జర్ కోసం కొట్లాడుకున్నం. ఒకరికి స్టాటిస్టిక్స్ బ్యాక్‌లాగ్ పడింది. కుక్కల వల్లనే అని చెప్పలేం, చదవక కూడా పోయి ఉండొచ్చు. కానీ ఇంట్లో ఏం చెప్పాలె? "కుక్కలు మొరిగి ఫెయిల్ అయిన" అంటే అమ్మ నమ్ముతదా?

వార్డెన్ సార్‌కు చెప్పినం. సార్ చెడ్డోడు కాదు. "వాళ్లు ఇంటి ఓనర్లు, మనం కిరాయికి ఉన్నోళ్లం. కొంచెం అడ్జస్ట్ కాండ్రి" అన్నడు. 100కు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబర్ నొక్కి కట్ చేసినం. పేరు, ఊరు, ఎక్కడుంటరు అని అడుగుతరు. ఖాకీ బట్ట కనబడితే దారి మళ్లే అలవాటు మా అందరి ఇండ్లల్లో ఉన్నది. అడవి కేసులు తెలిసినోళ్లకు మళ్లీ చెప్పనక్కర లేదు.

కోయగూడెం అన్న బీఏ, గ్రూప్స్‌కు చదువుతడు. "చట్టం ఏమన్నదో చూద్దాం ఆగుండ్రి" అని రెండు రాత్రులు ఫోన్‌లో వెతికిండు. ఎట్లాగూ నిద్ర లేదు కదా. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చినయి. వాటి ప్రకారం జనం ఉండే ఏరియాలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటొద్దు. పది డెసిబెల్స్ ఎక్కువైతే ఫిర్యాదు ఇయ్యొచ్చు. ఫోన్ యాప్ పెట్టి కిటికీ దగ్గర కొలిస్తే 70 దాటింది. యాప్ కొలత సాక్ష్యంగా నిలబడదని కూడా ఆయనే చెప్పిండు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సూచనల్లో, మొరగడం కుక్కకు సహజం, ఓర్చుకోవాలె, కానీ రాత్రిపూట ఆపకుండా మొరగకుండా చూసుకునే ప్రయత్నం పెంచేటోళ్లు చేయాలె అని ఉన్నది.

ఇంకొకటి దొరికింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11. కుక్కను ఎప్పుడూ గొలుసుతో కట్టేసి, లేదా మూసి ఉంచి, తిప్పకుండా ఉంటే అది నేరం. మొదటిసారి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అది చదివి మేము పడీ పడీ నవ్వినం. యాభై రూపాయలకు నార్సింగిలో ఒక ప్లేటు దోసె రాదు. నవ్వి నవ్వి ఉట్నూరోడు అన్నడు, "కుక్కను తిప్పాలని చట్టం ఉన్నది. మనల్ని పడుకోనియ్యాలని ఉన్నదా?" ఎవరం జవాబు చెప్పలేదు. కింద బ్రూనో చెప్తనే ఉన్నది.

ఆ రోజుల్లో టీవీ నిండా కూడా కుక్కలే. ఆగస్టు 11న ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు అన్నది. 22న ఆ తీర్పు మార్చి, ఆపరేషన్ చేసి టీకా వేసి మళ్లీ అక్కడనే వదలాలె, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప అన్నది. మెస్సులో దీని మీద పెద్ద వాదన. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల పిలగాన్ని వీధి కుక్కలు చంపినయి, ఆ వీడియో చూసినోళ్లు ఎవరూ మర్చిపోలేరు. సర్వీస్ రోడ్డు మీద రాత్రి నడవాలంటే మాకూ గుండె దడనే. కానీ వీధి కుక్కలకు తీర్పు ఉన్నది, మున్సిపాలిటీ బండి ఉన్నది. ప్రహరీ లోపలి కుక్క సంగతి వేరు. దానికి ఓనర్ ఉంటడు. ఓనర్‌తో మాట్లాడాలంటే ముందు గేటు తీయాలె. ఆ గేటు మాకు ఎప్పుడూ తెరుచుకోలేదు.

అక్టోబర్‌లో ఇంటర్నల్ ముందు రోజు రాత్రి. పన్నెండు దాటింది. నలభై నిమిషాలుగా ఒకటే మొరగడం. దాచడం ఎందుకు, రాయి పోయింది. మా కిటికీలో నుంచే పోయింది. తలుపు ఆగడానికి పెట్టుకున్న కంకర రాయి. కుక్కకు తగలలేదు, తగలాలని వేసింది కూడా కాదు, క్రోటన్ కుండీ పగిలింది. ఆ చప్పుడుకు కుక్కలు రెట్టింపు మొరిగినయి. మాకు ఆ రాత్రి నిద్ర లేదు, కుక్కల వల్ల కాదు.

పొద్దున ఏడింటికే బిల్డింగు ఓనర్ వచ్చిండు. పక్కింట్లో కెమెరాలు ఉన్నయి. మూడో అంతస్తు కిటికీ, రాయి, కుండీ, అన్నీ పడ్డయి. చీకట్లో చెయ్యి మాత్రం ఎవరిదో కనబడలేదు. "ఇందుకే ఈ హాస్టళ్లకు బిల్డింగు ఇయ్యొద్దు అన్నరు. అడవిలో నుంచి తెచ్చి ఊళ్లో పెడితే ఇట్లనే ఉంటది" అని వరండాలో అందరూ వినేటట్టు అన్నడు. వంట అక్క గరిటె పట్టుకొని అట్లనే నిలబడ్డది. ఆ మాట విన్నప్పుడు మాకు తప్పు చేసినమన్న సిగ్గు, ఆ మాట పడ్డ కోపం రెండూ ఒక్కసారే వచ్చినయి. రెండింటిలో ఏది ముందు మింగాలో తెలియలేదు. రాయి వేసింది నిజం కాకపోతే జవాబు చెప్పేటోళ్లం. నిజమాయె.

సార్ ఆరుగురినీ ఆఫీసు రూమ్‌లో నిలబెట్టిండు.

"ఎవరు వేసిండ్రు?"

"మేము వేసినం సార్."

"మేము అంటే ఎవరు? పేరు చెప్పు."

"రూమ్ 11 సార్."

ముందే అనుకొని చెప్పింది కాదు. ఒకరి నోట వచ్చింది, మిగతా ఐదుగురం అదే పట్టుకున్నం. పేరు చెప్పకపోతే ఆరుగురినీ ఇంటికి పంపుతా, సీట్లు పోతయి అన్నడు. పెట్టెలు సర్దుకున్నం. దేవరకొండ తమ్ముడు ఏడ్చిండు, వాళ్ల అమ్మ గొర్రెను అమ్మి ఫోన్ కొనిచ్చింది, ఈ నెలనే. అయినా పేరు రాలేదు. ఈ పోస్టులో కూడా రాదు. మధ్యాహ్నం దాకా చూసి సార్ తగ్గిండు. "పోయి వాళ్లకు క్షమాపణ కాగితం ఇచ్చి రాండ్రి. కుండీ పైసలు కట్టుండ్రి. ఇదే ఆఖరు."

కాగితం తెలుగులో రాసినం. కోయగూడెం అన్న సెక్షన్ 11 కూడా కింద ఒక లైన్‌లో రాద్దామన్నడు. క్షమాపణ అడిగే కాగితంలో సెక్షన్ ఎట్ల రాస్తం అని కొట్టేయించినం. ఆయన మాత్రం ఇంకో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నడు. సాయంత్రం ఎనిమిదింటికి ఆరుగురం కొత్త కుండీ, క్రోటన్ మొక్క పట్టుకొని పోయినం. నర్సరీలో 280 రూపాయలు.

గేటు తీసింది ఒక నల్లటి బక్క మనిషి, మా నాయనల ఈడు. తెలుగు విరిచి విరిచి మాట్లాడిండు. ఒడిశా, రాయగడ జిల్లా. కొంధ్ మనిషి. నియమగిరి దగ్గరనా అని మాలో ఒకరు అడిగితే ఆయన ముఖం మారిపోయింది, నార్సింగిలో ఆ పేరు ఆయనను అడిగినోళ్లు లేరేమో. మనకు తెలియకుండా ఎట్ల ఉంటది. 2013లో పన్నెండు గ్రామసభలు గనులు వద్దన్న కొండ అది, ఈ గ్రూపులో ఎన్నిసార్లు చదివినం. ఆయన మమ్మల్ని లోపలికి రమ్మని, మెట్ల పక్కన నిలబెట్టిండు. ఇంట్లో ఎవరూ లేరు. పెద్దమ్మ, పెద్దాయన జూలైలో అమెరికా పోయిండ్రు, డాలస్‌లో కొడుకు దగ్గరికి. కోడలికి కాన్పు. జనవరికి గానీ రారు. ఇల్లు, రెండు కుక్కలు, ఈ అన్న. కుక్కలను బయటికి తిప్పొద్దని ఆర్డర్, ఒకసారి లూసీ తప్పించుకొని సర్వీస్ రోడ్డు మీదికి ఉరికిందట. తప్పిపోతే ఉద్యోగం పోతది. బ్రూనో గొలుసు మూరెడున్నర. మెడ పట్టా కింద వెంట్రుకలు ఊడి చర్మం కనబడుతున్నది. అంత గొంతు ఉన్న కుక్క దగ్గర నుంచి చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "తినదు" అన్నడు రాయగడ అన్న. "పెడితే తినదు. నాకూ నిద్ర లేదు బాబూ."

మమ్మల్ని చూసి అవి మొరగలేదు. ఆరుగురం కొత్తోళ్లం, ముక్కు ఎగబీల్చి ఊరుకున్నయి. అది మాకు వింతగా తోచింది.

అప్పుడు గోడలో నుంచి మాట వచ్చింది.

"ఎవరు బాబూ మీరు? అంతమంది ఎందుకొచ్చారు?"

పోర్టికో మూల మీద తెల్లటి కెమెరా, దానికి స్పీకర్ ఉన్నది. ఫోన్‌లో చూసుకుంటూ అక్కడి నుంచే మాట్లాడొచ్చు. మేము ఆరుగురం గోడకు చేతులు జోడించినం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది, ఒకడు కుండీ పట్టుకొని ఉన్నడు కాబట్టి మొక్కతోనే దండం పెట్టిండు.

మేము చెప్పబోయింది వినబడలేదు. ఆ గొంతు వచ్చిన క్షణం నుంచి కుక్కలు రెండూ వెర్రెత్తిపోయినయి. బ్రూనో గోడ మీదికి ఎగురుడు, గొలుసు పట్టి వెనక్కి పడుడు, మళ్లీ ఎగురుడు. లూసీ కెమెరా కింద నేల వాసన చూస్తది, తలుపు దగ్గరికి ఉరుకుతది, తలుపు కింద వాసన చూస్తది, మళ్లీ కెమెరా దగ్గరికి. గొంతు ఉన్నది, మనిషి లేదు. మనిషి ఉంటే వాసన ఉండాలె కదా.

పెంటోళ్లం ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. ఇది మాకు తెలిసిన సంగతే. ఫస్టియర్‌లో హాస్టల్‌కు వచ్చిన కొత్తల్లో మాలో ఒకరు ఇంటికి ఫోన్ చేసి, కుక్క చెవి దగ్గర ఫోన్ పెట్టమని అమ్మను అడిగిండు. పేరు పెట్టి పిలిచిండు. అది గుడిసె చుట్టూ తిరిగింది, చూరు కింద వెతికింది, మన్ననూరు బాట మీద చాలా దూరం పోయి కూర్చున్నది. మర్నాడు దాకా తిండి ముట్టలేదు. "ఇంకోసారి దానికి నీ గొంతు వినిపించకు" అని అమ్మ తిట్టింది. అప్పటి నుంచి వినిపించలేదు.

రాయగడ అన్నను అడిగినం, "అన్నా, అమ్మగారు రోజూ ఇట్ల మాట్లాడుతరా?" "రోజూ. రాత్రి పదకొండుకి." అంటే డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర.

నాలుగు నెలలుగా మాకు దొరకనిది అదే. ఆ మొరుగుడు మొదలయ్యేది నార్సింగిలో కాదు.

"అమ్మా," అని గట్టిగా అరిచి చెప్పినం, "రాయి వేసింది మేమే. తప్పయింది. కుండీ తెచ్చినం."

"కుండీ పోతే పోయింది. నా పిల్లలకి తగిలుంటే ఏమయ్యేది?"

ఏ పిల్లలో కొంచెం సేపు అర్థం కాలేదు.

"అమ్మా, మీరు ఒక పది నిమిషాలు ఏం మాట్లాడకుండా చూడండి. ఫోన్ పెట్టెయ్యొద్దు. చూస్తనే ఉండండి."

ఏమనుకున్నదో, ఊరుకున్నది. మేమూ కదలలేదు. బ్రూనో మొరిగి మొరిగి, ఎగిరి ఎగిరి, గొంతు తగ్గి, చివరికి గోడ వైపే ముఖం పెట్టి కూర్చున్నది. లూసీ తలుపు దగ్గర పడుకున్నది. పది నిమిషాలు అన్నం గానీ ఎక్కువే పట్టింది. కోయగూడెం అన్న టైం చూసిండు, పద్దెనిమిది.

"ఇప్పుడు ఒక్కసారి మెల్లగ పేరు పెట్టి పిలవండమ్మా."

గోడలో నుంచి సన్నగా, "బ్రూనో..."

చెప్పక్కర లేదు. ఈసారి అది గోడను గోళ్లతో గీకింది.

చాలా సేపు గోడ మాట్లాడలేదు. తర్వాత అన్నది, "రోజూ ఇంతేనా?"

"గంట, గంటన్నర అమ్మా."

"మనవడు పడుకునే టైం అది. రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాను. బాగున్నాయా, తిన్నాయా అని. తర్వాత ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు బాబూ."

కోయగూడెం అన్న జేబులో చెయ్యి పెట్టి కాగితం మడత తడుముకున్నడు. తీయలేదు. ఆ కాగితం ఇప్పటికీ ఆయన రాజ్యాంగం పుస్తకంలో ఉన్నది.

ఆ తర్వాత అంతా సర్దుకున్నదని చెప్పడానికి లేదు. ఆమె స్పీకర్‌లో పిలవడం మానేసింది, చప్పుడు లేకుండా చూసుకుంటది. పదకొండు గంటల మొరుగుడు నాలుగైదు రోజుల్లో తగ్గింది, అది మా రూమ్‌కు పండగే. మేము సాయంత్రాలు ఇద్దరిద్దరం పోయి రాయగడ అన్నతో కలిసి కుక్కలను సందులో తిప్పుతమన్నం, ఆమె సరే అన్నది. మూడో రోజు కొడుకు ఫోన్. హాస్టల్ వాళ్ల చేతికి కుక్కలను ఇయ్యొద్దు, ఏదైనా అయితే నీదే బాధ్యత అని రాయగడ అన్నను గట్టిగ అన్నడట. రాయి వీడియో ఆయన ఫోన్‌లోనే ఉన్నది మరి. ఆయన జాగాలో మేము ఉన్నా అదే అంటుంటిమేమో, అట్లని మాకు నొప్పి లేదని కాదు. గేటు మళ్లీ మూసుకున్నది. రాయగడ అన్న మాత్రం గొలుసుకు నాలుగు గజాల తాడు కలిపిండు, రాత్రి పదికి గేటు లోపలనే రెండు చుట్లు తిప్పుతడు. పట్టా కింది పుండుకు వేపాకు పసుపు నూరి పెట్టమని మేము చెప్పినం, పెట్టిండు. డాక్టర్‌కు కూడా చూపించమన్నం, ఆమె పైసలు పంపితే చూపించిండు. డెలివరీ బండ్లకు ఇప్పటికీ మొరుగుతయి. అదైతే కబురే కదా, మేము అటు తిరిగి పడుకుంటం.

స్టాటిస్టిక్స్ సప్లిమెంటరీ ఇంకా రాయాలె.

వచ్చే ఏడు రూమ్ 11కు వచ్చే తమ్ముళ్లకు ఒకటి చెప్తం. కిటికీ పక్క మంచం తీసుకోండి, గాలి బాగుంటది. బ్రూనో దగ్గరికి పైనుంచి చెయ్యి చాపొద్దు, పక్కకు నిలబడి దాన్నే రానియ్యండి. రాయగడ అన్నకు రాత్రి మెస్సు కూర మిగిలితే ఒక గిన్నె ఇయ్యండి, మేము ఇస్తున్నం.

జనవరిలో పెద్దమ్మ వచ్చింది. తెల్లవారుజామున కారు చప్పుడుకు మేము కిటికీ దగ్గరికి పోయినం. గేటు బయట ఆమె ఇంకా దిగక ముందే బ్రూనో మూలుగుతున్నది. మొరగలేదు, మూలిగింది. ఆమె మెట్ల కింద నేల మీదనే కూర్చున్నది, పట్టుచీరతోనే. రెండు రోజుల తర్వాత పొద్దున మేము బస్సుకు పోతుంటే గేటు దగ్గర నిలబడి పిలిచింది. గోడలో విన్న గొంతే, మనిషి మేము అనుకున్నదానికన్నా చిన్నగున్నది. ఆరుగురినీ వరుసగా చూసి అడిగింది.

"నిజం చెప్పండి, ఆ రాయి మీలో ఎవరు వేశారు?"

"మేమే అమ్మా."

"ఒక్క రాయి, ఆరుగురూనా?"

బస్సు వచ్చింది. ఉరికినం.